సున్నా పవరు కళ్ళద్దాలు

జనవరి 9

ఏమోయ్ బావమరిదీ,

రోజూ టీవీలో కనబడే మనిషిని క్షేమమా అని అడగడం సిరా దండగ. నిన్న సాయంత్రం కూడా చూశాం, క్షేమంగానే అరుస్తున్నావు. నేను పంపిన కళ్ళద్దాలు నీ మొహానికి బాగా కుదిరాయి. అవి ముక్కు మీద కాస్త కిందికి జారినప్పుడు పెద్ద మేధావిలా ఉన్నావని మా పక్క షాపు టైలర్ అన్నాడు. వాటిలో పవరు సున్నా అని అతనికి చెప్పలేదులే. ఇన్నేళ్ళుగా చూపు తగ్గినవాళ్ళకి అద్దాలు బిగిస్తున్నాను గానీ, చూపు బాగున్నవాడికి చదువుకున్న మొహం కోసం అద్దాలు చేసిపెట్టడం నీతోనే మొదలు.

నువ్వు తెర మీదికి రాగానే మీ అక్క వంటింట్లో పని ఆపేసి వచ్చి నిలబడుతుంది. కూర్చోదు. నువ్వేం మాట్లాడావని తర్వాత అడిగితే చెప్పలేదు. "వాడు చిక్కిపోయాడు" అంటుంది, అంతే. ఒక నాయకుణ్ణి రెండుసార్లు గద్దె ఎక్కించిన వ్యూహకర్తవి, ఇప్పుడు సాయంత్రం పూట నలుగురితో కలిసి అరవడమేమిటని ఆమె బాధ. పేరైనా వస్తోంది గదా అని నేనంటాను.

అసలు సంగతికి వస్తాను. మా బజారు రోడ్డు వెడల్పు చేస్తారట. మున్సిపాలిటీ వాళ్ళు షాపు షాపుకీ ఒక కాగితం ఇచ్చి వెళ్ళారు. మార్చి నెలాఖరులోగా సంతకం పెట్టి, ఖాళీ చేస్తామని ఒప్పుకున్నవాళ్ళకు బస్టాండు వెనక కొత్త భవనంలో తలా ఒక గది ఇస్తారు. పెట్టనివాళ్ళకు ఏమీ లేదు. ఆ గదులు వెళ్ళి చూసొచ్చాను. రెండో అంతస్తు. చూపు ఆననివాళ్ళు తడుముకుంటూ మెట్లెక్కి నా దగ్గరికి రావాలన్నమాట. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ గొప్ప ఆలోచన.

ఎన్నికల ముందు ఇదంతా ఉత్త బెదిరింపేనని కొందరు అంటున్నారు. మందుల షాపాయన మాత్రం అప్పుడే సంతకం పెట్టేశాడు. టైలర్ రోజూ మెడలో టేపుతో వచ్చి నిలబడి, "మీ బావమరిది ఏమంటాడు?" అని అడుగుతున్నాడు. అతనికి నీ మాటంటే వేదం. ఆ షాపు తప్ప అతనికి ఇంకో ఆధారం లేదు. నాకు మాత్రం ఏముంది? అందుకని నీకు తెలిసిన నిజం ఒక్క ముక్క రాయి. సంతకం పెట్టాలా, వద్దా?

మీ అక్క ఆశీస్సులు పంపింది. నావి కూడా కావాలంటే అడుగు, ఇస్తాను.

మీ బావ


జనవరి 22

బావా,

ఉత్తరం ఎందుకు, ఫోను చెయ్యొచ్చుగా అని అక్క అంటుంది. నేను ఫోనులో పెళ్ళికి కూడా పిలవనని చెప్పండి. పదేళ్ళపాటు ఎదుటివాళ్ళు ఫోనుల్లో ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకుని బతికినవాణ్ణి, నా ఫోను మీద నాకు నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది?

తెర వెనక నుంచి తెర మీదికి నేను రాలేదు బావా, తోసేశారు. సభకు వచ్చే జనం కంటే కుర్చీలు తక్కువ వేయించి, నిలబడ్డవాళ్ళను ఫొటోలు తీయించింది నేను. మా నాయకుడు ఏ ఊళ్ళో చేతి గడియారం తీసి జేబులో వేసుకోవాలో, ఏ ముసలామె దగ్గర ఎంతసేపు వంగి నిలబడాలో చెప్పింది నేను. రెండోసారి గెలిచిన వారంలోనే ఆయన కొడుకు నన్ను పిలిచి, "మీరు బాగా అలసిపోయారు అంకుల్" అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేశారు. తర్వాత ఆరు నెలలు నా ఫోను మోగలేదు. మోగినప్పుడు అవతల టీవీ వాళ్ళు.

ఇక్కడ బల్లకి అటు రెండు కుర్చీలు, ఇటు రెండు. ఇవాళ నువ్వు ఫలానా వైపు అని మధ్యాహ్నం మెసేజి వస్తుంది. ఏ వైపు పడితే ఆ వైపు వాదించాలి. మొన్న తిట్టినదాన్ని ఇవాళ మెచ్చుకుంటే చూసేవాళ్ళు పట్టుకుంటారేమో అన్నాను ఒకసారి. "ఎవరికి గుర్తుంటుంది సార్" అన్నాడు మా ఎడిటర్. నిజమే, ఇంతవరకూ ఒక్కడూ పట్టుకోలేదు.

మీ రోడ్డు సంగతా? మీ షాపులో ఒక్క ఇటుక కదిలితే నా మీసం తీసేస్తాను. వెళ్ళి హాయిగా అద్దాలు తుడుచుకోండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నేను మీకు వేళాకోళం లేకుండా ఎప్పుడైనా ఉత్తరం రాశానంటే, ఎవడో నా పక్కన నిలబడి రాయించాడని అర్థం. అలాంటి ఉత్తరాన్ని నమ్మకండి.

అక్క కాళ్ళకు దండాలు. మీ కాళ్ళకు కూడా పెట్టేవాణ్ణే, వంగితే అద్దాలు జారిపోతాయి.

మీ బావమరిది


ఫిబ్రవరి 11

ఏమోయ్ మీసం లేని మొనగాడా,

నీ పందెం చదివి నేనూ మీ అక్కా చాలాసేపు నవ్వుకున్నాం. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడైనా మీసం పెంచావా? నవ్వడం అయిపోయాక ఆలోచించాను. నువ్వు తెలిసిన సంగతినే ఎప్పుడూ నవ్వులాటగా చెబుతావు. నీ భార్య ఇల్లు విడిచి వెళ్ళిపోయిన సంగతి కూడా, "ఇంట్లో ఇప్పుడు ఓటరు ఒక్కడే" అని రాశావు. అది అక్షరాలా నిజమైంది. అంత ధీమాగా పందెం కాశావంటే లోపలి కబురు ఉండే ఉంటుంది.

మొన్న టీవీలో కూడా అదే మాటన్నావు గదా, ఏ ప్రభుత్వమూ ఓట్ల ముందు బజారు జోలికి పోదని. బజారంతా నా షాపు ముందు చేరి టీ తాగింది. టైలర్ అయితే మున్సిపాలిటీ కాగితం వెనక ఎవరిదో చొక్కా కొలతలు రాసుకున్నాడు. "మంచి కాగితమండీ, సిరా పీల్చడం లేదు" అన్నాడు.

చూపు పరీక్ష సంగతొకటి చెప్పాలి. గోడకి అక్షరాల అట్ట ఉంది చూశావు, నిన్న ఒక డ్రైవరు వచ్చి దాని ఆఖరి వరుస గడగడా చదివేశాడు. అనుమానం వచ్చి అట్టను తిరగేసి పెట్టాను. అయినా అదే వరుస చదివాడు! ఎవరి దగ్గరో బట్టీపట్టి వచ్చాడు. ఉద్యోగం పోతుందని భయం, పాపం. నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. అద్దాలు పెట్టి పంపించాను.

మీ అక్క మాత్రం ఒక ప్రశ్న అడగమంది. రోడ్డు మాట నువ్వు కుర్చీలో చెప్పావా, ఇంట్లో చెప్పావా అని. ఆడవాళ్ళ అనుమానం. ఒక్క ముక్క రాసి పడేయ్.

మీ బావ


ఫిబ్రవరి 27

బావా,

మేకప్ గదిలో కూర్చుని రాస్తున్నాను. మొహానికి పౌడరు, మెడలో కాగితం గుడ్డ. మీ ఉత్తరం సగం చదివేసరికి పిలుపొచ్చింది, చివర్న అక్క మాట మాత్రం చూశాను. కుర్చీలోనూ ఇంట్లోనూ ఉన్నది నేనొక్కణ్ణేనని చెప్పండి. అక్కకి నా మీద నమ్మకం లేదేమో గానీ ఊళ్ళవాళ్ళకి ఉంది.

ఇక్కడ నా పరిస్థితి అంత బాగాలేదు. గడ్డం పెంచిన కుర్రాడొకణ్ణి కొత్తగా తెచ్చారు. వాడు నాకంటే పెద్దగా అరుస్తాడు, బల్ల చరుస్తాడు, ఒకసారి నీళ్ళ గ్లాసు కూడా పడేశాడు. ఆ ముక్కనే లక్షల మంది చూశారట. నాతో ఒప్పందం ఎన్నికల దాకానే. ఒకప్పుడు సభలో జనం ఎప్పుడు చప్పట్లు కొట్టాలో నేను నిర్ణయించేవాణ్ణి. ఇప్పుడు నేను ఎప్పుడు నోరు మూసుకోవాలో చెవిలో పెట్టిన తీగ చెబుతోంది.

పైగా కళ్ళు మసగబారుతున్నాయి బావా. నిజంగానే. ఎదురుగా గోడ మీద తెర పెడతారు, అందులో ఏం చూపిస్తున్నారో సరిగ్గా ఆనడం లేదు. అబద్ధపు అద్దాలు పెట్టుకున్నందుకు శాపం తగిలిందనుకుంటా. డాక్టరు రాసిచ్చిన చీటీ జతచేస్తున్నాను. ఈసారి పవరు ఉన్నవి చేసి పంపండి. ఫ్రేము మాత్రం అదే ఉండాలి, మారిస్తే ఎడిటర్ ఒప్పుకోడు.

పిలుస్తున్నారు. ఉంటాను.

మీ బావమరిది


మార్చి 17

బావగారికి,

నమస్కారం. ఈ ఉత్తరం అందగానే సంతకం పెట్టండి. ఆలస్యం చేయవద్దు.

రోడ్డు పని కాంట్రాక్టు ఖాయమైంది. ఎన్నికలు అయిపోగానే యంత్రాలు వస్తాయి. మా పాత పార్టీలో సర్వేలు చేసే ఆయన ఇవాళ చెప్పారు. మీ బజారు అందులో ఉంది. ఇంతకుముందు నాకేమీ తెలియదు. టీవీలో చెప్పింది ఆ రోజు నాకిచ్చిన వైపు మాత్రమే. మీసం మాట ఉత్త మాట.

మీ ఉత్తరాలు ఇవాళ తీసి మొత్తం చదివాను. టైలర్ గారూ మిగతావాళ్ళూ నా మాట మీద ఆగిపోయారని ఇప్పుడే తెలిసింది. వాళ్ళందరికీ మీరే చెప్పండి.

ఇది నేనే రాస్తున్నాను. దయచేసి నమ్మండి.

అక్కకు నమస్కారాలు.

మీ బావమరిది


మార్చి 24

ఒరేయ్ గడుసుపిండమా,

ఉత్తరం అందింది. నీ పక్కన నిలబడ్డ పెద్దమనిషికి మా నమస్కారాలు చెప్పు.

"బావగారికి" అని చూడగానే నాకు గుట్టు తెలిసిపోయింది. నీ అక్కని చేసుకున్నప్పటి నుంచి నన్నెప్పుడైనా గారు అన్నావా? పైగా "ఇది నేనే రాస్తున్నాను" అట! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. రాయించినవాడికి ఆ మాత్రం తెలివి లేకపోయింది. టైలర్‌కి చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వాడు.

అది చాలదన్నట్టు ఫోను కూడా చేశావు. ఫోనులో పెళ్ళికి కూడా పిలవనివాడు, సంతకం పెట్టమని ఫోను చేశాడంటే మాకు ఆ మాత్రం అర్థం కాదా? అదే రోజు సాయంత్రం టీవీలో, అద్దాలు సర్దుకుని మరీ, "ఒక్క షాపు గడప కూడా తాకరు" అన్నావు. మేమంతా చప్పట్లు కొట్టాం. పక్కనున్నవాళ్ళ కళ్ళుగప్పి మాకు కబురు అందించడమంటే అదీ. వ్యూహకర్తవి అనిపించుకున్నావు.

కానీ ఒరేయ్, నిజంగా ఒక మాట అడుగుతాను. నిన్నెవరైనా బెదిరిస్తున్నారా? మీ అక్క సరిగ్గా అన్నం తినడం లేదు. ఫోనులో నీ గొంతు వేరేగా ఉందంటుంది. ఈ గొడవలో నీకేమైనా అయితే మాకు ఈ షాపులెందుకు? నీ జాగ్రత్తలో నువ్వుండు. మా గురించి బెంగపడకు. ఎవరమూ సంతకం పెట్టలేదు.

నీ అద్దాలు నూరడానికి ఇచ్చాను.

మీ బావ


ఏప్రిల్ 2

బావా,

నవ్వులాటగా రాయాలో మామూలుగా రాయాలో తెలియడం లేదు. ఏది రాసినా మీరు ఇంకొకటి చదువుతారు. ఆ చదువు నేర్పింది నేనే కాబట్టి మిమ్మల్ని అనడానికి లేదు.

మీ ఉత్తరం చేరేసరికి గడువు ఇంకా రెండు రోజులుంది. ఆ రాత్రి బండికి టికెట్ తీసుకున్నాను. అందులో వచ్చి ఉంటే తెల్లారేసరికి మీ షాపు ముందు ఉండేవాణ్ణి. స్టేషనుకు వెళ్ళి బండెక్కి సంచీ పైన పెట్టాక ఎడిటర్ ఫోను చేశాడు. రేపటి నుంచి పోలింగ్ దాకా ప్రత్యేక కార్యక్రమమట. కుర్చీలో లేకపోతే ఇక రానక్కర్లేదన్నాడు. గడ్డం కుర్రాడు రెడీగా ఉన్నాడన్నాడు. సంచీ తీసుకుని దిగిపోయాను. బండి వెళ్ళిపోయింది.

అక్కణ్ణించే మీకు ఇంకోసారి ఫోను చేశాను. "అర్థమైందిలేరా, పెట్టేయ్, వింటారు" అని మీరే పెట్టేశారు. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే.

టీవీలోనే నిజం చెప్పొచ్చు గదా అని మీరు అడగరు గానీ అక్క అడుగుతుంది. రోడ్డు సంగతి ఓట్ల ముందు బయటికి రాకూడదని మా ఛానెల్ వాళ్ళకి పైనుంచి మాట ఉంది. చెబితే ఆ క్షణమే నా మీద దీపాలు ఆర్పేస్తారు. ఈ వయసులో నన్నింకెవరు కూర్చోబెడతారు? నాకు ఇంకో పని చేతకాదు బావా.

ఎవరూ నా పక్కన లేరు. నన్నెవరూ బెదిరించడం లేదు. భయపడ్డది నేనే. మున్సిపాలిటీకి వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా ఒక గది అడగండి.

మీ బావమరిది


ఏప్రిల్ 28

చిరంజీవి తమ్ముడికి,

అక్క రాస్తోంది. మీ బావ రాయడం మానేశారు, అందుకని నేను.

నీ ఆఖరి ఉత్తరం ఆయన రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళారు. గదులన్నీ అయిపోయాయన్నారు. తిరిగొచ్చాక ఆ సంగతి బజారులో ఎవరికీ చెప్పలేకపోయారు. రోజూ రేపు చెబుతాననేవారు. టైలర్ వచ్చి కూర్చుంటే టీ పోయించి పంపేవారు.

ఫలితాలు వచ్చిన మూడోనాడు పొద్దున్నే యంత్రాలు వచ్చాయి. సామాను తీసుకోమని కాసేపు ఆగారు. మీ బావ ఫ్రేములన్నీ దుప్పటిలో మూట కట్టారు. టైలర్ కుట్టుమిషన్లు రోడ్డు మీద పెట్టుకుని, కుట్టనివీ సగం కుట్టినవీ ఎవరి బట్టలు వాళ్ళని పిలిచి ఇచ్చేశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక మీ బావ దగ్గరికి వచ్చి, "మీ బావమరిదిగారు క్షేమమేనా? ఆయన్ని బెదిరించినవాళ్ళు వదిలేశారా?" అని అడిగాడు.

సాయంత్రం నువ్వొచ్చే వేళకు టీవీ పెట్టాం. తెరలో సగం మా బజారు, సగం నువ్వు. మా షాపు వెనక గోడ ఒక్కటే మిగిలింది, దానికి అక్షరాల అట్ట వేలాడుతోంది. నువ్వు అద్దాలు సర్దుకుని, "ఊరు బాగుపడాలంటే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు, ఇది ధైర్యమైన నిర్ణయం" అన్నావు. ఆ రోజు నీకిచ్చిన వైపు అదేనని నాకు తెలుసు. నీ కళ్ళు మసగబారాయన్నావు, పక్కన చూపిస్తున్నది మా గోడేనని నీకు కనబడిందో లేదో మాత్రం తెలియదు. కనబడలేదనే అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ఒక్క రాత్రి ప్రయాణం, తమ్ముడూ. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే చాలు, ఏమీ చెప్పనక్కర్లేదు. నీ మొహం చూస్తే నిజమో నవ్వులాటో నాకు తెలిసిపోయేది. చిన్నప్పటి నుంచీ తెలిసేది.

మీ బావ పొద్దున్నే తయారై, షాపు తాళాలు జేబులో వేసుకుని బజారు దాకా వెళ్ళి తిరిగొస్తారు. ఆ తాళాలు పెట్టేయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆయనకొక ఉత్తరం రాయి. ఇదివరకటిలా వేళాకోళంగా. ఆయన ఒక్కసారి నవ్వితే చాలు నాకు.

అక్క


మే 6

ఏం బావా,

మీసం పెంచుతున్నాను, తీసేయడానికి. పందెం ఓడిపోయాక మాట నిలబెట్టుకోవాలి గదా, దానికి ముందు మీసమంటూ ఒకటి ఉండాలి. మేకప్ చేసే అతనికి ఇష్టం లేదు. తెర మీద మూతి మురికిగా కనిపిస్తోందని రోజూ దాని మీద పౌడరు అద్దుతున్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే తీయడానికి పనికొచ్చేంత అవుతుంది. మీ ఊరు వస్తాను, మీ చేత్తోనే తీద్దురుగాని. టైలర్ గారి కత్తెర అయితే ఇంకా న్యాయంగా ఉంటుంది. బజారంతా నిలబడి చూడొచ్చు. ఈసారి కుర్చీలు అసలు వేయించను.

ఛానెల్ వాళ్ళు నా ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించారు. గడ్డం కుర్రాడు పార్టీలో చేరిపోయాడు. నాకు ఇది సంతోషమైన వార్త అయ్యుండాలి.

నవ్వండి బావా. నవ్వు రాకపోతే తిట్టండి. కాగితం మీద "ఒరేయ్" అని ఒక్క మాట రాసి పంపినా చాలు, అది గోడకి అంటించుకుంటాను.

అద్దాల సంగతి అడగడానికి నాకు మొహం లేదు.

మీ బావమరిది


మే 15

గౌరవనీయులైన రాజకీయ వ్యాఖ్యాత గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

మీరు చీటీ పంపిన కళ్ళద్దాలు షాపు పోకముందే తయారయ్యాయి. గీతలు పడతాయని మీ అక్కగారు మూటలో పెట్టకుండా విడిగా దాచారు. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఫ్రేము మీరు కోరినదే. వీటిలో పవరు ఉంది. మొదటి కొద్ది రోజులు నేల ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది, మెట్లు దిగేటప్పుడు చూసుకోండి. ఇకమీదట కళ్ళు అక్కడే చూపించుకుని, అద్దాలు కూడా అక్కడే చేయించుకోగలరు.

టైలర్ వేరే ఊరు వెళ్ళిపోయాడు. మీకు నమస్కారాలు చెప్పమన్నాడు. మిమ్మల్ని ఎవరో బెదిరించారనే ఇప్పటికీ అనుకుంటున్నాడు. నేను కాదని చెప్పలేదు. మీసం తీయవలసిన అవసరం లేదు.

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదేమని మీకు అనుమానం రావచ్చు. నా పక్కన ఎవరూ నిలబడి లేరు. ఇది నేనే రాస్తున్నాను.

ఇట్లు
మీ అక్కగారి భర్త